అడుగుకి అంగుళం

తాతాజీ గేటుకి తాడు కడుతున్నాడు. పాలవాడు వెళ్ళగానే రోజూ ఆయన చేసే మొదటి పని అది. గేటు గడియ ఊడిపోయి చాలా ఏళ్ళయింది. తాడు కట్టకపోతే పక్కింటి అంజిబాబు మేకలు లోపలికి జొరబడి నూకాలమ్మ కనకాంబరాల్ని మొదలంటా కొరికేస్తాయి. కొబ్బరితాడుని స్తంభం చుట్టూ రెండుసార్లు తిప్పి, గేటు కమ్మీ కిందనుంచి పైకి తీసి, చివర మడతపెట్టి దూర్చి బిగించాడు. ఒక కొస పొడుగ్గా వేలాడింది. ఇంకో కొస బెత్తెడే, పొట్టిగా నిలబడింది.

"ముప్పయ్యేళ్ళు పోలీసు బళ్ళు తోలేరు. గేటుకి గడియ బిగించడం మాత్రం చేతకాలేదు," అంది నూకాలమ్మ, అరుగు మీద చింతపండులో గింజలు తీస్తూ. "రాజోల్లో నేను కొనుక్కొచ్చిన గడియ బీరువా మీద తుప్పు పడుతోంది. దానిక్కూడా రిటైర్మెంట్ ఇచ్చేసేరేమో."

"తాడుంది కదే. పనైపోతోంది కదా."

"మేకలకి కూడా తెలిసిపోయిందండీ మీ ముడి. నిన్న ఆ తెల్లమేక పొట్టికొస నోట్లో పెట్టుకుని లాగుతోంది. ఇంకో రెండ్రోజులు పోతే తనే విప్పుకుని, తిని, తనే మళ్ళీ కట్టి పోతుంది."

ఆ మాటకి ఎవరైనా నవ్వుతారు. తాతాజీకి నవ్వు రాలేదు. అరుగెక్కి, కిటికీ పక్కనున్న బల్ల ముందు కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాడు.

బల్ల మీద పోలీసు పికప్ బండి ఉంది. పొడుగు పదహారంగుళాలు. అసలు బండి కొలతల్ని అడుగుకి అంగుళం చొప్పున తగ్గించి చేస్తున్నాడు. రిటైరైన ఈ మూడేళ్ళలో ఆయన చేతిలోంచి ఒక ఆర్టీసీ బస్సు, ఒక కొబ్బరికాయల లారీ, గోదారి దాటించే పంటు ఒకటి బయటికొచ్చాయి. ఎక్కడ నేర్చుకున్నారండీ అని అందరూ అడిగేవారు. ఎక్కడా నేర్చుకోలేదు. తోలిన బళ్ళు చేతులకి గుర్తున్నాయి, అంతే. కానీ పన్నెండేళ్ళు తోలిన ఈ పికప్పుని మాత్రం ఆయన ఎప్పుడూ చెయ్యబోలేదు. అడిగినవాళ్ళకి కొలతలు గుర్తులేవని చెప్పేవాడు.

కొలతలన్నీ గుర్తున్నాయి. ఎడమ డోరు హ్యాండిల్ ఎంత లాగితే వస్తుందో కూడా గుర్తుంది.

నెల్లాళ్ళ కిందట పింకీ వచ్చి అడిగితే కాదనలేకపోయాడు. పింకీ కానిస్టేబుల్ విజయ్ కుమార్ కూతురు. రాజోల్లో ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. గోదారికి వరదొచ్చిన ఒక ఆగస్టులో, బందోబస్తుకి ఇసకబస్తాలు తీసుకెళ్తున్న ఈ బండి వెనకనుంచి ఏటిగట్టు మీద జారిపడి విజయ్ కుమార్ చనిపోయాడు. ఈ నెలతో పదేళ్ళు. బండి తోలుతున్నది తాతాజీ.

"పదేళ్ళ జ్ఞాపకార్థ కూటం పెట్టుకుంటున్నామండీ, బాబాయ్ గారూ," అంది పింకీ ఆ రోజు, ఇదే అరుగు మీద కూర్చుని. "నాన్న బండి చేసి పెడతారని వచ్చేను. కూటంలో పెట్టి, తర్వాత ఇంట్లో పెట్టుకుంటాం."

"ఫొటో పెట్టుకోవాలి గానీ, బండెందుకమ్మా?"

"అమ్మ ఫొటో పెట్టనివ్వదండీ. మీకు తెలుసు కదా. మందు మానేస్తానని చర్చిలో సంఘం ముందు నిలబడి మాటిచ్చేరు, మూడేళ్ళు నిలబెట్టుకున్నారు, ఆఖరికి డ్యూటీలో తాగి పోయేరు, దేవుడి ముందు నా తల వంచేసేరు అంటది. ఫొటో మాటెత్తితే లేచెళ్ళిపోతాదండీ. పోనీ నాన్న బండి పెట్టుకుందామా అమ్మా అన్నాను. గిన్నెలన్నీ తోమేసింది. తర్వాత, బండేం పాపం చేసింది, పెట్టుకో అంది."

తాతాజీ అప్పుడు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"మీరైతేనే చెయ్యగలరండీ," అంది పింకీ. "అమ్మ కూడా అదే అంది. అన్నయ్యగారైతే ప్రేమగా చేస్తారు అంది."

పింకీ తల్లి దానమ్మ ఆయన్ని అన్నయ్యగారు అనే పిలుస్తుంది. విజయ్ కుమార్ పోయాక ఆ ఇంటికి ఏ పనొచ్చినా తాతాజీయే నిలబడ్డాడు. పింకీని కాలేజీలో చేర్చడానికి అమలాపురం తీసుకెళ్ళాడు. దానమ్మకి కళ్ళ ఆపరేషనైతే నాలుగురోజులు ఆసుపత్రి వరండాలో పడుకున్నాడు. ఆయనలాంటి స్నేహితుడు ఉండడని సంఘంలో అందరూ అనుకునేవారు. ఒకసారి, రెండో ఏడో మూడో ఏడో, ఈరోజు చెప్పెయ్యాలని తాతాజీ గట్టిగా అనుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. చెప్పులు విప్పుతుండగా లోపల దానమ్మ ప్రార్థన చేస్తోంది. ఆ ప్రార్థనలో తన పేరు వినబడింది. ఈ లోకంలో మాకు తోడుగా ఇచ్చిన తాతాజీ అన్నయ్యగారిని చల్లగా చూడు ప్రభువా, అంటోంది. తాతాజీ మళ్ళీ చెప్పులేసుకుని వచ్చేశాడు. అప్పటినుంచి చెప్పాలని అనుకోవడం కూడా తగ్గించుకున్నాడు.

*

బండి మాత్రం అద్భుతంగా వచ్చింది. ఒళ్ళంతా నూనెడబ్బా రేకు. పాత హవాయి చెప్పుల్ని గుండ్రంగా కోసి, గరుకుకాగితంతో అరగదీసి టైర్లు చేశాడు. మాత్రల అట్ట మీది బుడగలు హెడ్‌లైట్లయ్యాయి. వెనక బెంచీలు ఐస్‌క్రీము పుల్లలవి, కిటికీ జాలీలు టీ వడపోసుకునే జల్లెడవి. వైర్‌లెస్ ఏరియల్‌కి చీపురుపుల్ల. పైన ఎర్రదీపం, నీలందీపం రెండు పెన్నుల మూతలు. తలుపుమీద పోలీస్ అన్న అక్షరాలు రాయడానికి ఆయనకి రెండు పూటలు పట్టింది. గట్టు మీదికెళ్ళి ఒండ్రుమట్టి తెచ్చి, గుడ్డలో జల్లించి, జిగురునీళ్ళలో కలిపి చక్రాల మీద, మడ్‌గార్డుల మీద చిమ్మాడు. వరదలో తిరిగిన బండి అలాగే ఉంటుంది.

"నిజం బండి తోలినన్నాళ్ళూ ఇంటికొచ్చేవారు కాదు," అనేది నూకాలమ్మ. "ఇప్పుడు ఉత్తుత్తి బండితో ఇల్లు కదలరు."

వెనక డోరుని మిగతావాటికంటే బాగా చేశాడు. కిందకి దిగేలా సన్నతీగతో కీళ్ళు పెట్టాడు. డోరు పడిపోకుండా అడ్డం దూర్చే ఇనప పిన్నుకి గుండుసూది కోసి నున్నగా అరగదీశాడు. అది పోకుండా ఉండే గొలుసుకి నూకాలమ్మ తెగిపోయిన గిల్టు గొలుసులోంచి ఒక ముక్క తీసుకున్నాడు. పిన్ను దూర్చితే క్లిక్కుమని కూర్చుంటోంది. బండి మొత్తానికి అబద్ధం అదొక్కటే. అదే అన్నిటికంటే నిజంగా కనబడుతోంది.

ఆ బుధవారం పొద్దున్న, మేక గురించి నూకాలమ్మ అన్న మాట ఇంకా చెవుల్లో ఉండగానే, గేటు దగ్గర స్కూటీ ఆగింది.

"బాబాయ్ గారండీ, ఇదెలా విప్పాలండీ?" అని పింకీ గొంతు వినబడింది. ఎప్పుడూ తాతాజీయే ఎదురెళ్ళి విప్పేవాడు, ఇవాళ తనే గోళ్ళతో ముడి పీకుతోంది. పీకినకొద్దీ బిగుస్తోంది.

"పొట్టికొస లాగమ్మా. పొట్టికొస."

పింకీ లాగింది. ముడి ఒక్కసారిగా జారి తాడు చేతిలోకి వచ్చేసింది. "ఓసి, ఇంతేనాండీ. స్కూలుకి లేటైపోతుందని నేను కుస్తీ పడుతున్నాను. దొంగలకి కట్టే ముడాండీ ఇది?"

"కొబ్బరిబస్తాలు కట్టే ముడమ్మా. మీ బాబాయ్ గారి ఇంటి విద్య," అంది నూకాలమ్మ. "వాళ్ళ నాన్న పడవలకి కాయలెత్తేవారు. దింపేటప్పుడు తొందరగా ఊడాలని అలా కట్టేవారంట. ఆయనకి ఇంకో ముడి రాదు. మూడుముళ్ళు ఎలా వేసేరో నాకిప్పటికీ అర్థం కాదు."

పింకీ నవ్వుతూ అరుగెక్కింది. బండిని చూసి నవ్వు ఆపేసింది. ముట్టుకోవచ్చా అన్నట్టు తాతాజీ వైపు చూసి, చూపుడువేలితో ముందు తలుపు తెరిచింది, మూసింది. వంగి లోపలున్న స్టీరింగ్ చూసింది.

"ఇక్కడ కూర్చునేవారు కదండీ నాన్న?" అంది వెనక బెంచీ చివర చూపించి.

"ఆయ్. ఎప్పుడూ అక్కడే. గాలొస్తుందని."

పింకీ బ్యాగులోంచి ఒక కవరు తీసింది. "మొన్న శ్యామ్ సుందర్ గారు ఫోన్ చేసేరండీ. అప్పుడు మీ స్టేషన్లో కొత్తగా చేరినాయన. ఇప్పుడు వేరే జిల్లా అంట. కూటం సంగతి చెప్తే, పాత ఫోన్లో ఒక ఫొటో ఉంది అని పంపించేరు. ఆ రోజు పొద్దున్న తీసిందేనంట. బయల్దేరేముందు." కవరులోంచి ఫొటో బయటికి తీసి బల్ల మీద పెట్టింది. "రాజోల్లో పెద్దది చేయించేను. అమ్మకి చూపించలేదు."

ఫొటోలో విజయ్ కుమార్ బండి వెనక నిలబడి ఉన్నాడు. వారంరోజుల ముసురు తర్వాత ఆ రోజే ఎండ కాసింది. ఎండకి కళ్ళు చికిలించి నవ్వుతున్నాడు. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చెయ్యి వెనక డోరు మీద. ఆ చేతికి పక్కన, పిన్ను ఉండాల్సిన చోట, కొబ్బరితాడు కట్టి ఉంది.

"ఇక్కడేదో తాడు కనబడుతోంది చూసేరాండీ?" అంది పింకీ. "మీరేమో గొలుసు, పిన్ను పెట్టేరు. అవి చాలా బాగున్నాయి గానీ... ఫొటోలో ఎలా ఉందో అలాగే ఉండాలండీ నాకు. ఆ రోజుది కదా. తాడు కూడా పెట్టండి. కష్టమైతే వద్దు."

"కష్టమేం కాదమ్మా," అన్నాడు తాతాజీ.

"శనివారం సాయంత్రం వస్తానండీ. ఆదివారం కూటం. ఫొటో ఇక్కడే ఉంచుతాను, మీకు చూసుకోడానికి."

*

పింకీ వెళ్ళాక తాతాజీ ఫొటోని రంగుడబ్బాకి ఆనించి నిలబెట్టాడు. పనిచేసుకోవడానికి అలా పెట్టుకోవాలి. కానీ ఆ పూట ఏ పనీ చెయ్యలేదు.

పిన్ను ఆ రోజుకి వారం ముందే పోయింది. గొలుసు తెగి ఎక్కడో గోతిలో పడిపోయింది. బండికి ఏది చెడినా డ్రైవరు లాగ్‌బుక్కులో రాయాలి. రాస్తే బండిని షెడ్డుకి పంపాలి. వరద రోజుల్లో బండి షెడ్డుకెళితే ఎస్సై కళ్ళెర్రజేస్తాడు. రేపు రాద్దాం అనుకున్నాడు. ఈలోగా ఇసకబస్తాలు మాటిమాటికీ ఎక్కించాలి, దింపాలి. తొందరగా విప్పుకోవచ్చని తనకి వచ్చిన ముడే వేశాడు. వారమంతా వాన. తడిసిన కొబ్బరితాడు రాయిలా బిగుసుకుని ఉంది. ఆ రోజు ఎండ కాసింది. తడిసినప్పుడు బిగిసిన తాడు ఎండితే వదులవుతుందని కొబ్బరిపీచు ఇంట్లో పుట్టినవాడికి వేరే ఒకరు చెప్పాలా? బయల్దేరేముందు ఒక్కసారి వెనక్కొచ్చి ముడి పట్టుకుని చూస్తే చాలు. చూడలేదు. విజయ్ కుమార్ ఒక్కడూ బస్తాల మధ్య, బెంచీ చివర, డోరుకి మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు. గట్టు మీద ఒక గోతిలో చక్రం దిగింది. వెనక టప్పుమని చప్పుడైంది.

అటుగా వచ్చిన ఆటోలో జనం విజయ్ కుమార్‌ని ఎక్కించుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. ఎస్సై ఫోన్లో బండిని అక్కడినుంచి కదపొద్దన్నాడు. తాతాజీ ఒక్కడే గట్టు మీద మిగిలాడు. పావుగంట. ఆ పావుగంటలో పనిముట్ల పెట్టెలోంచి ఒక బోల్టు తీసి, పిన్ను అదే అనిపించేలా కన్నం పక్కన తీగతో వేలాడదీశాడు. ఊడిన తాడుని వరదనీళ్ళలోకి విసిరేశాడు. అది వెంటనే కొట్టుకుపోలేదు. గట్టు వారన ఒక సుడిలో చాలాసేపు తిరిగింది. సాయంత్రానికి విజయ్ కుమార్ పోయాడని తెలిసింది.

విచారణకి వచ్చిన పెద్ద ఆఫీసరు అడిగింది ఒక్కటే. "పిన్ను ఉందా?"

"ఉందండీ," అన్నాడు తాతాజీ.

పిన్ను ఉంటే డోరు దానంతటది తెరుచుకోదు. కాబట్టి కానిస్టేబులే తీసుంటాడని రాశారు. నడుస్తున్న బండిలో బుద్ధున్నవాడెవడైనా పిన్ను తీస్తాడా అని ఊళ్ళో ఒకరినొకరు అడిగారు. అడిగినవాళ్ళే జవాబు కూడా చెప్పుకున్నారు. విజయ్ కుమార్ ఒకప్పుడు తాగేవాడని అందరికీ తెలుసు. ఇంకేం కావాలి? ఆ జవాబు ఊరంతా తిరిగి తిరిగి, చివరికి దానమ్మ ఇంట్లోకి వెళ్ళి కూర్చుంది.

ఇనప పిన్ను, బోల్టు, గడియ ఏది చేతిలోకి తీసుకున్నా తాతాజీకి ఆ పావుగంట గుర్తొస్తుంది. నూకాలమ్మ తెచ్చిన గడియ అందుకే బీరువా మీదే ఉండిపోయింది.

గురువారం పొద్దున్న ఆయనకి ఒక దారి తోచింది. ఆ తాడు ఇసకబస్తాలదమ్మా, ఊరికే డోరుకి చుట్టేం, దాని కింద పిన్ను ఉంది, ఫొటోలో కనబడట్లేదు అని చెప్పొచ్చు. మాట ఎక్కడా అతుకు కనబడకుండా వచ్చింది. దాన్ని మనసులో రెండోసారి అనుకున్నాక తాతాజీకి తనమీద తనకే భయం వేసింది. పదేళ్ళైనా ఆ విద్య మర్చిపోలేదు.

లేచి గేటు దగ్గరకెళ్ళాడు. తాడు కొసలోంచి నాలుగు పీచులు లాగాడు. సాసర్లో నీళ్ళు పోసి నానబెట్టి, పంచె పైకి తీసి, తొడమీద పెట్టి అరచేత్తో పేనాడు. అమ్మ అలాగే పేనేది, రోజంతా, చేతులు పగిలేదాకా. అసలు తాడు చిటికెనవేలంత లావు. అడుగుకి అంగుళం లెక్కన అది కుట్టుదారమంత రావాలి. మొదటిది లావైంది. రెండోది మధ్యలో తెగింది. మూడోది సరిపోయింది.

"అన్నం చల్లారిపోతోంది," అంది నూకాలమ్మ లోపల్నుంచి. కాసేపాగి బయటికొచ్చి చూసింది. "ఏంటండీ అది, ఆడంగుల పని మొదలెట్టేరు? ఆ పిల్ల ఏమైనా తొందరపెట్టిందా?"

"లేదు."

"మరి మొహం అలా ఉందేంటి? ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. నువ్వు తినెయ్."

శుక్రవారం గుండుసూది పిన్ను, గిల్టు గొలుసు పీకేశాడు. నూకాలమ్మ ముల్లు తీసే చిమటా తీసుకుని, ఊపిరి బిగబట్టి, సన్నతాడుని కడ్డీ చుట్టూ రెండుసార్లు తిప్పి, కిందనుంచి పైకి తీసి, చివర మడతపెట్టి దూర్చాడు. నాలుగుసార్లు జారిపోయింది. ఐదోసారి ముడి నిలిచింది. పొట్టికొస బెత్తెడుండాలి, అంటే పావంగుళం. కొలిచి కత్తిరించాడు. ఫొటో పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే. చెప్పడానికి నోరు రాకపోయినా పర్వాలేదు, చూసి తనే తెలుసుకుంటుంది అని ఒకసారి అనుకున్నాడు. తెలుసుకోకపోతే బావుండునని ఇంకోసారి అనుకున్నాడు.

*

శనివారం సాయంత్రం ఐదింటికి పింకీ వచ్చింది. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. పొట్టికొస లాగి, లోపలికొచ్చి, తనే తాడు మళ్ళీ చుట్టి కట్టింది. "చూసేరాండీ, నాక్కూడా వచ్చేసింది మీ విద్య," అంది నూకాలమ్మతో.

"మేక తర్వాత నువ్వే నేర్చుకున్నావమ్మా. కూర్చో, టీ పెడతాను," అంటూ నూకాలమ్మ లోపలికి వెళ్ళింది.

పింకీ బల్ల ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. బండి చుట్టూ తలతిప్పి చూసింది. మడ్‌గార్డు మీది ఒండ్రుమట్టిని వేలితో తడిమి, "నిజం మట్టేనాండీ?" అని అడిగింది. తాతాజీ తలూపాడు. తర్వాత వెనక్కి తిప్పి తాడు చూసింది. ఫొటో దగ్గరికి తీసుకుని, ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసింది.

"అచ్చం అలాగే ఉందండీ. ఇది విప్పొచ్చా?"

తాతాజీ ఏదో అనేలోపలే పింకీ రెండు గోళ్ళతో పొట్టికొస పట్టుకుని లాగింది. ముడి జారింది. వెనక డోరు టప్పుమని కిందకి పడింది.

పింకీ నవ్వబోయింది. "మీ గేటు ముడే కదండీ ఇది," అంది. ఆ మాట అన్నాక నవ్వు సగంలో ఆగిపోయింది. తెరుచుకున్న డోరు వంక చూసింది. ఫొటో వంక చూసింది. గేటు వంక చూసింది. లెక్కలు చెప్పే పిల్ల కదా, ఒక్కో మెట్టూ దిగుతున్నట్టు ఆ మొహంలో కనబడుతోంది.

"బాబాయ్ గారూ," అంది. "పిన్ను నాన్నే తీసేరన్నారు కదండీ?"

"ఆయ్."

"ఇందులో పిన్ను లేదు కదండీ మరి."

ఇసకబస్తాల మాట నాలుక చివరిదాకా వచ్చింది. తాతాజీ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"లేదమ్మా. వారం ముందే పోయింది. ఆ తాడు నేను కట్టేను. మీ నాన్న పడ్డాక తాడు ఏట్లో పారేసి, బోల్టు తగిలించేను. అడిగితే పిన్ను ఉందని చెప్పేను."

ఇన్నేళ్ళూ ఈ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుందోనని అనుకునేవాడు. ఇంత చిన్నదని తెలీదు.

పింకీ ఏడవలేదు. ఫొటోని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దానిమీద పెట్టింది.

"ఆ వేళ ఎస్సై గారు కూడా ఊరుకునేవారు కాదమ్మా. బండి షెడ్డుకి పంపితే..." అని మొదలుపెట్టాడు తాతాజీ.

"నాన్న తాగేరాండీ?"

"లేదమ్మా."

"సరిగ్గా చెప్పండి."

"తాగలేదమ్మా. ఆ ఫొటోలో ఉన్న టీ ఒక్కటే. అదీ నేనే ఇప్పించేను. మానేసేక మళ్ళీ ఎప్పుడూ ముట్టుకోలేదు. పక్కనే ఉండేవాణ్ణి, నాకు తెలుసు."

"ఆ మాటైనా అమ్మకి చెప్పలేదేమండీ? తాడు సంగతి వద్దు. తాగలేదన్న మాట."

తాతాజీ నోరు తెరిచాడు. ఎవరూ నన్ను అడగలేదమ్మా, అనబోయాడు. ఆ మాట నిజమే. పదేళ్ళలో దానమ్మ ఒక్కసారి కూడా ఆయన్ని అడగలేదు. అన్నయ్యగారికి తెలిసుంటే చెప్పకుండా ఉండరు కదా అనుకుని ఉంటుంది. ఆయన నోరు మూసుకున్నాడు.

నూకాలమ్మ రెండు టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలీదు. గ్లాసులు కింద పెట్టలేదు. ముందుకీ రాలేదు.

పింకీ లేచింది. బండిని ఇంటికి తీసుకెళ్ళడానికి తెచ్చుకున్న అట్టపెట్టె స్టూలు పక్కనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. వెనక డోరు తెరుచుకున్న బండిని ఎలా ఉన్నదాన్ని అలాగే బల్ల మీద వదిలేసింది. ఫొటోని కవరులో పెట్టి, మూలలు మడతపడకుండా సర్ది, బ్యాగులో పుస్తకాల మధ్య నిలబెట్టింది. నూకాలమ్మ వంక చూసింది. తాతాజీ వంక చూడలేదు. అరుగు దిగి, చెప్పులేసుకుని, గేటు దగ్గరకెళ్ళి పొట్టికొస లాగింది. తాడు జారి కింద పడింది. పింకీ దాన్ని తియ్యలేదు. గేటు బార్లా తెరిచి, స్కూటీ తిప్పుకుని, వాళ్ళింటి వైపు వెళ్ళిపోయింది.